బుట్ట నింపి వెళ్ళిపోయేవాడు

వెబ్ నిర్వహణ, ఆన్‌లైన్ వాణిజ్య విభాగం చరిత్రలో కనీ వినీ ఎరగని ఘోరం సోమవారం ఉదయం బయటపడింది: విభాగం నడిపే ఆన్‌లైన్ దుకాణంలో ఎవరో నిజంగానే ఒక వస్తువు కొన్నారు.

ముందుగా చూసింది సందేహం. అది ఆమె అసలు పేరు కాదు. ప్రతి పాఠం చివరా చెయ్యెత్తి "సార్, చిన్న సందేహం" అనే అలవాటు వల్ల మొదటి ఏడాదిలోనే ఆ పేరు ఖాయమైంది. హాజరు పిలిచేటప్పుడు లెక్చరర్లు కూడా ఆ పేరే పిలుస్తారు. చివరి ఏడాది కాబట్టి రోజూలాగే ల్యాబుకి వచ్చి, మూలనున్న కంప్యూటరు ముందు కూర్చుని, దుకాణం లెక్కల తెర తెరిచింది. 'మొత్తం అమ్మకాలు' అనే గడిలో, ఆ గడి పుట్టిన నాటి నుంచీ సున్నా కాపురమున్న చోట, ఒకటి ఉంది.

ఆమె చున్నీ అంచుతో తెర తుడిచింది. ఒకటి పోలేదు.

"మాస్టారూ, ఒకసారి ఇటు రండి."

ల్యాబు ఇన్‌చార్జిని అందరూ కేబుల్ మాస్టారంటారు. ఏ సమస్య చెప్పినా ఒక కేబుల్ పీకి, చివర ఊది, మళ్ళీ పెట్టడం ఆయన వైద్యం. (పదింట తొమ్మిదిసార్లు పని చేస్తుంది. ఎందుకు పని చేస్తుందో పరిశోధించడానికి విభాగంలో ఇద్దరు పీహెచ్‌డీ చేస్తున్నారు.) ఆయన వచ్చి కేబుల్ పీకాడు. ఊదాడు. పెట్టాడు. ఒకటి అలాగే ఉంది.

మాస్టారు రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఏం చేశావమ్మా?"

"నేనేం చెయ్యలేదు మాస్టారూ. ఎవరో కొన్నారు."

"కొనడమేంటి?"

"దుకాణం కదా మాస్టారూ."

"దుకాణమైతే మాత్రం? అడగకుండా కొనేస్తారా?"

ఆయన ఆందోళనను తప్పు పట్టలేం. ఆ విభాగంలో చదువు అలాంటిది. మొదటి ఏడాది 'వినియోగదారుడు: పరిచయం'. రెండో ఏడాది 'వినియోగదారుడి మనస్తత్వం'. మూడో ఏడాది 'వినియోగదారుడి అదృశ్యం: కారణాలు'. నిజమైన వినియోగదారుణ్ణి కళ్ళతో చూడాల్సిన అవసరం పాఠ్యప్రణాళికలో ఎక్కడా రాదు. పరీక్ష కాగితం మీదే. వెబ్‌సైట్‌ను స్కేలు పెట్టి గీయాలి, నొక్కదగిన మాటల కింద నీలం పెన్నుతో గీత కొట్టాలి. నల్ల పెన్నుతో కొడితే ఆ లింకు పని చేయనట్టు లెక్క. అసైన్‌మెంటును ఆన్‌లైన్‌లో పంపాలి, పంపినట్టు వచ్చిన రసీదును ప్రింటు తీయాలి, ఆ ప్రింటును వరండాలో క్యూలో నిలబడి కిటికీలో ఇవ్వాలి. కిటికీలో కూర్చున్నాయన దాన్ని స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో పెడతాడు.

ఇక దుకాణం. విద్యార్థుల శిక్షణ కోసం పెట్టిన ఆ దుకాణంలో అమ్మకానికున్నది ఒకే ఒక్క వస్తువు: గొడుగు. ముదురు నీలం బట్ట, చెక్క పిడి. కింద వర్ణనలో 'పిడికి ఎర్ర దారం (ప్రత్యేక డిజైన్)' అని ఎవరో పాత విద్యార్థి రాశాడు. ఒకే గొడుగుకి ఎనిమిది కోణాల్లో ఫొటోలు, విశ్వసనీయ ఖాతాదారులకు స్వర్ణ, రజత, వజ్ర సభ్యత్వ పథకాలు. (ఆలూ లేదు చూలూ లేదు, అల్లుడికి మాత్రం మూడు రకాల కార్డులు.)

అయినా ఎవరూ ఎందుకు కొనలేదంటే, 'నమ్మక నిర్మాణ ప్రక్రియ' వల్ల. 'కొంటాను' అని నొక్కగానే 'మీరు నిజంగానే కొనాలనుకుంటున్నారా?' అని ఒక పేజీ వచ్చేది. అవునంటే 'ఎందుకు?' అని ఇంకో పేజీ. ఆ తర్వాత, వానపై మీ అభిప్రాయం, రెండు వందల మాటలకు తగ్గకుండా. ప్రస్తుతం మీ దగ్గరున్న గొడుగు ఫొటో. లేకపోతే, లేదని ధ్రువపత్రం. ఆఖరున, ఇంతకుముందు ఇదే దుకాణంలో కొన్న ఒక వ్యక్తి ఇచ్చే హామీ. ఇంతకుముందు ఎవరూ కొనలేదు కాబట్టి ఆ హామీ ఇచ్చేవాడు లేడు. లేడు కాబట్టి ఎవరూ కొనలేదు. ఇంత పకడ్బందీ భద్రత బ్యాంకుల్లో కూడా ఉండదని ఒక తనిఖీ బృందం మెచ్చుకుని వెళ్ళింది.

సందేహం చివరి ఏడాది ప్రాజెక్టు పుట్టింది ఇక్కడే. 'బుట్ట నింపి వెళ్ళిపోయేవారు: కారణాలు, నివారణ' అన్నది దాని పేరు. ఏళ్ళ తరబడి దుకాణంలో ఎవరెవరో గొడుగును కొనుగోలు బుట్టలో వేసి, రెండు మూడు పేజీలు నడిచి, మధ్యలో వదిలేసి వెళ్ళిపోతున్నారు. వాళ్ళని ఆమె అధ్యయనం చేసింది. వానొస్తే వస్తారు, వాన వెలిస్తే పోతారు. వాళ్ళ స్వభావాన్ని నాలుగో అధ్యాయంలో వివరించింది. నివారణగా, కిందటి వారమే, ఆ పేజీలన్నీ పీకేసి ఒకే ఒక్క మీట ఉంచింది: 'కొంటాను'. 

పీకడానికి అనుమతి కాగితం పట్టుకుని వెళ్ళినప్పుడు హెడ్డు గారు, అంటే విభాగాధిపతి, కళ్ళజోడు తీసి చాలాసేపు దాన్ని చూశారు.

"ఈ పేజీలన్నీ తీసేస్తే ఏమవుతుంది?"

"కొంటారు సార్."

ఆయన కిటికీలోంచి వాన వంక చూసి, వెంటనే సంతకం పెట్టారు. అప్పుడు సందేహానికి అది విశేషంగా అనిపించలేదు.

ఇప్పుడు మాత్రం తన రిపోర్టు తీసి చూసుకుంది. ఆమె రిపోర్టులో మొదటి వాక్యం 'ఈ దుకాణంలో ఇంతవరకు ఎవరూ ఏమీ కొనలేదు' అన్నది. వైవా శనివారం. వైవా రోజున రిపోర్టులోని సంగతులూ దుకాణంలోని సంగతులూ ఒకటి కాకపోతే రిపోర్టు చెల్లదు, ఏడాది మళ్ళీ చదవాలి. అచ్చయిన రిపోర్టు దిద్దడానికి వీల్లేదు. వైవా అవగానే చేరమని ఒక కంపెనీ ఆమెకు కబురు పెట్టి ఉంది. ఏడాది ఆగమంటే వాళ్ళు ఆగరు.

మధ్యాహ్నానికల్లా విచారణ కమిటీ కూర్చుంది.

కమిటీలో ముగ్గురు. అధ్యక్షుడు హెడ్డు గారు. సభ్యులు భద్రత మేడమ్, కేబుల్ మాస్టారు. భద్రత మేడమ్ సైబర్ భద్రత చెబుతుంది. తన పాస్‌వర్డు తనకే తెలియకుండా పెట్టుకున్న ఏకైక అధ్యాపకురాలిగా ఆమెకు మంచి పేరుంది. హెడ్డు గారు గదిలోకి వచ్చేసరికి ఆయన భుజాలు తడిసి ఉన్నాయి. వానాకాలమంతా ఆయన భుజాలు తడిసే ఉంటాయి. దాన్ని బాధ్యతల బరువుగా భావించి విభాగం గౌరవిస్తుంది.

"ఇది దాడి," అంది భద్రత మేడమ్ కూర్చోకముందే. "పేరు దగ్గర ఏం రాశాడో చూశారా? 'వినియోగదారుడు' అట! నిజమైన వినియోగదారుడెవడైనా తనని తాను వినియోగదారుడు అనుకుంటాడా?"

"అడ్రసు?" అన్నాడు మాస్టారు.

సందేహం చదివింది. "యూనివర్సిటీ మెయిన్ గేటు, సెక్యూరిటీ గది పక్కన. శుక్రవారం సాయంత్రం. వాన పడుతుంటేనే తీసుకురాగలరు."

"గేటు దాకా వచ్చేశాడు!" మేడమ్ టేబుల్ మీద చరిచింది. "పైగా ఈ అమ్మాయి రిపోర్టే చెబుతోంది, ప్రతి వానకీ వచ్చి బుట్టలో గొడుగేసి పోతున్నాడని. ఇల్లు చూసుకుని పోయే దొంగ లక్షణం కాదూ ఇది?"

హెడ్డు గారు తుమ్మారు.

"సార్, చిన్న సందేహం," అంది సందేహం.

"అడుగమ్మా."

"కొన్నాడు కదా. ఇచ్చేస్తే సరిపోదా?"

శ్రాద్ధం ఇంట్లో పెళ్ళి మాట ఎత్తినట్టు చూశారు అందరూ. మేడమే ముందు తేరుకుంది.

"ఇవ్వడం సిలబస్‌లో ఉందా?"

లేదు. 'సరుకు చేరవేత' ఐచ్ఛిక పాఠం. దాన్ని ఎంచుకోవాలంటే ఆన్‌లైన్‌లో మీట నొక్కాలి, ఆ మీట ఇంకా కట్టలేదు.

"పోనీ, రద్దు చేద్దాం," అన్నాడు మాస్టారు.

రద్దు చేసే అధికారం కొన్నవాడికే ఉంది. రద్దు చేయాలంటే వాడికి ఆర్డరు నంబరు కావాలి. ఆ నంబరు వాడికి ఈమెయిల్‌లో వెళ్ళాలి. ఈమెయిల్ పంపే పని కిందటేడు బ్యాచ్‌కి అప్పగించారు. వాళ్ళు దాన్ని ఎంత బాగా వర్ణించారంటే అందరికీ డిస్టింక్షన్ వచ్చింది. పంపే పని మాత్రం మిగిలిపోయింది.

చివరికి కమిటీ ఏకగ్రీవంగా మూడు తీర్మానాలు చేసింది. ఒకటి, కొన్నవాణ్ణి పట్టుకోవాలి. రెండు, వాడెవడో తేలేదాకా ఆ అమ్మకానికి పూర్తి బాధ్యత దాన్ని సాధ్యం చేసిన విద్యార్థినిదే. మూడు, శుక్రవారం సాయంత్రంలోగా వ్యవహారం తేలకపోతే రిపోర్టు చెల్లదు. ఆ తీర్మానాల కింద హెడ్డు గారు సంతకం పెట్టారు. పెట్టేముందు పెన్ను మూత రెండుసార్లు తీసి పెట్టారు. (అధ్యక్షత వహించడం అంత సులువు కాదు.)

సందేహం నేరుగా గొడుగు కోసం వెళ్ళింది. ఇవ్వడమా మానడమా తర్వాతి సంగతి, ముందు సరుకుందో లేదో చూడాలి కదా.

"గొడుగెక్కడుంటుంది మాస్టారూ?"

మాస్టారు నసిగాడు. గోడకి చెప్పాడో ఆమెకి చెప్పాడో తెలియకుండా చెప్పాడు. "ఉంది. డ్యూటీలో ఉంది."

వరండా చివర సర్వర్ గది తలుపు తీశాడు. ఇరుకు గది. మధ్యలో ఇనప బీరువాలాంటి రాకులో సర్వర్ గుర్రుమంటోంది. పైన స్లాబు బీటలోంచి చుక్క, చుక్క, చుక్క. సర్వర్‌కి జానెడు పైన, కరెంటు తీగలతో నాలుగు వైపులా లాగి కట్టి, విచ్చుకుని వేలాడుతోంది గొడుగు. నీలం బట్ట. చెక్క పిడి. పిడికి ఎర్ర దారం. నీళ్ళు దాని మీద పడి, అంచు వెంట జారి, మూలనున్న డబ్బాలోకి పోతున్నాయి.

సందేహం డబ్బా పక్కన నిలబడి పైకి చూసింది.

"దుకాణం నడిచేది ఈ సర్వర్ మీద," అన్నాడు మాస్టారు. "సర్వర్ నడిచేది ఆ గొడుగు కింద. అది తీశామంటే దుకాణం మూతే. ఇన్నాళ్ళూ ఎవడూ కొనలేదు కాబట్టి చక్కగా జరిగిపోయింది. ఇప్పుడు నువ్వొచ్చి అమ్మేశావు."

"స్లాబు బాగు చేయించొచ్చుగా?"

"ఫిర్యాదు ఆన్‌లైన్‌లో పెట్టాలి. ఆ ఫిర్యాదుల సైటు కూడా ఇందులోనే ఉంది. వానొస్తే ముందుజాగ్రత్తగా దాన్ని ఆపేస్తాం."

"వాన లేనప్పుడు పెట్టండి."

"పెట్టాం. వచ్చి చూసి, కారడం లేదుగా అని వెళ్ళిపోయారు."

"కొత్త గొడుగు కొని కస్టమర్‌కి ఇస్తే?"

మాస్టారు ఆమె వంక జాలిగా చూశాడు. గొడుగు కొనాలంటే సీలు కవర్లలో మూడు కొటేషన్లు రావాలి, వాటిని పోల్చే పట్టిక తయారవాలి, కొనుగోళ్ళ సంఘం సమావేశం కావాలి. ఆ సంఘం వేసవిలో సమావేశమవుతుంది. (ఆన్‌లైన్‌లో కొనడానికి ఆన్‌లైన్ వాణిజ్య విభాగానికి అనుమతి లేదు. ఆన్‌లైన్‌ను నమ్మలేమన్నది ఆడిట్ వారి అభ్యంతరం.) పోనీ సర్వర్ మీద ఒక ప్లాస్టిక్ పట్టా కప్పుదామంటే, పట్టా తోట విభాగం ఆస్తి. వాళ్ళు దాని కింద ఎరువు దాచారు.

"సొంతంగా బజార్లో కొనుక్కొస్తా మాస్టారూ."

"తే. మరి ఫొటోలో ఉన్న గొడుగేనా అది? ఎర్ర దారం ఉంటుందా? చూపించిందొకటి ఇచ్చిందొకటి అంటే దాన్ని ఏమంటారో మూడో ఏడాది మొదటి పాఠంలోనే చెప్పారు కదమ్మా."

చెప్పారు. మోసం అంటారు. ఆ ప్రశ్నకి ఆమెకి పూర్తి మార్కులొచ్చాయి కూడా.

ఆ సాయంత్రం సందేహం ఇంటికి కుడితిలో పడ్డ ఎలుకలా చేరింది. ఇంట్లో ఆమె పిన్ని హాల్లో నేల మీద కూర్చుని పార్సిల్ విప్పుతోంది. పిన్ని ఒక ఆసుపత్రిలో రక్తపరీక్షల ల్యాబులో పని చేస్తుంది. తీరిక వేళల్లో ఫోనులో చెప్పులు తెప్పిస్తుంది, తొడిగి చూసి వెనక్కి పంపుతుంది. డెలివరీవాళ్ళు ఆమెని పిన్నీ అనే పిలుస్తారు. ఈ కోర్సులో చేర్పించమని సందేహం నాన్నతో పోట్లాడింది కూడా ఆమే. "రాబోయే కాలమంతా అదే బావా, రాసిపెట్టుకో" అని ఆవిడన్న మాట సందేహం నాన్న నిజంగానే మనసులో రాసిపెట్టుకున్నాడు, అవసరానికి ఉంటుందని.

"ఏంటే, ముఖం అలా వేలాడేశావు?"

సందేహం అంతా చెప్పింది. పిన్ని చెప్పు చేతిలో పట్టుకుని విన్నది.

"ఆగాగు. మీ కాలేజీవాళ్ళు కొన్నవాణ్ణి వెతుకుతున్నారా?"

"అవును."

"మామూలుగా కొన్నవాడు కదే అమ్మినవాణ్ణి వెతుక్కునేది!"

"నవ్వకు పిన్నీ. శనివారం వైవా. ఇది తేలకపోతే ఏడాది పోతుంది, ఉద్యోగం పోతుంది."

పిన్ని నవ్వాపింది. "ఏడాది పోతే మీ నాన్న నన్ను బతకనిస్తాడా? పండుగకీ పబ్బానికీ అదే పాట పాడతాడు." చెప్పు పెట్టెలో పెట్టి మూత వేసింది. "ఇంతకీ వాడెవడు? ఇన్నేళ్ళూ బుట్టలో వేసుకుని పారిపోయాడన్నావుగా. నీ రిపోర్టులో వాడి గురించి ఏం రాశావు?"

"సిగ్గరి. అభిమానం ఎక్కువ. కావాలని ఉంటుంది, అడగలేడు. ఎవరైనా దారి చూపిస్తే తప్ప అడుగు ముందుకు వెయ్యడు అని."

"పాపం! అలాంటివాడు ఇన్నాళ్ళకి గుండె చిక్కబట్టుకుని ఆ మీట నొక్కాడన్నమాట." పిన్ని కొత్త చెప్పులు పక్కకి తోసింది. "నాకు ఒక పార్సిల్ గంట ఆలస్యమైతేనే ఫోను పట్టుకుని వీధిలోకి పోతాను. వాడు గేటు దగ్గర వానలో నిలబడి ఎదురు చూస్తాడే!"

సందేహం ఆ రాత్రి భోజనం సరిగా చేయలేదు. ఆమెకి ఒకటే ముల్లు గుచ్చుకుంటోంది. జనం ఎందుకు వెళ్ళిపోతున్నారని అంత లావు రిపోర్టు రాసింది. ఒక్కడు వెళ్ళిపోకుండా ఆగాడు. వాడికి తలుపు మూస్తే రిపోర్టు చెల్లినా చెల్లకపోయినా ఒకటే.

మధ్యలో రోజులన్నీ విచారణలోనే గడిచాయి. భద్రత మేడమ్ అనుమానితుల మీద ఆన్‌లైన్ సర్వే పెట్టింది. 'గొడుగు కొన్నది మీరేనా? అవును / కాదు / చెప్పలేను.' జవాబివ్వాలంటే లాగిన్ కావాలి, ఎవరికీ పాస్‌వర్డు గుర్తులేదు, అందరూ అనుమానితులుగానే మిగిలారు. కేబుల్ మాస్టారు గేటు దగ్గర కెమెరా పని చేయించడానికి దాని కేబుల్ పీకి ఊదాడు. అది నిజంగా పని చేయడం మొదలుపెట్టింది, కానీ కాలేజీ లోపలి వైపు తిరిగి ఉంది. హెడ్డు గారు రోజూ పొద్దున్నే "దొరికాడా?" అని అడిగేవారు. లేదంటే నిట్టూర్చేవారు. ఆ నిట్టూర్పులో నిరాశ ఎంతో ఊరట ఎంతో ఎవరూ కొలవలేదు.

శుక్రవారం మధ్యాహ్నం మబ్బు కమ్మింది. సాయంత్రానికి కుండపోత.

సందేహం సర్వర్ గది ముందు నిలబడింది. చేతిలో స్టూలు.

"వద్దమ్మా," అన్నాడు మాస్టారు తలుపుకి అడ్డంగా నిలబడి. "సర్వర్ తడిస్తే దుకాణం పోతుంది. ఫిర్యాదుల సైటు పోతుంది. హాజరు సైటు పోతుంది. నీ ప్రాజెక్టే పోతుంది. రేపు వైవాలో ఏం చూపిస్తావు?"

"ఒక్కటే చూపిస్తా మాస్టారూ. అమ్మిన వస్తువు అందింది అని."

"నవ్వుతారు."

"ఇప్పుడేం చేస్తున్నారు?"

మాస్టారు ఆమె వంక చూశాడు, కారుతున్న స్లాబు వంక చూశాడు. గోడ వంక తిరిగి, "నేనిక్కడ లేను, టీకి వెళ్ళాను," అన్నాడు. అని, వెళ్ళకుండా స్టూలు పట్టుకున్నాడు. ఆమె ఎక్కబోతుంటే "ఆగు" అని, వంగి, సర్వర్ వెనక నుంచి కరెంటు కేబుల్ పీకాడు. తన ఉద్యోగ జీవితంలో మొట్టమొదటిసారి దాన్ని ఊదలేదు. పక్కన పెట్టాడు. ఏళ్ళ తరబడి గుర్రుపెట్టిన గది ఒక్కసారిగా మూగబోయింది. వరండాలో ఎక్కడో భద్రత మేడమ్ "దాడి మొదలైంది!" అని అరవడం వినిపించింది.

సందేహం తీగలు విప్పింది. గొడుగు దించింది. ఆగిన సర్వర్ పెట్టె మీద చుక్క పడింది. టప్.

గొడుగు మూసి చంకలో ఇరికించుకుని ఆమె వానలో పరుగెత్తింది. అమ్మిన సరుకును తను వాడుకోకూడదు కాబట్టి తెరవలేదు. (వాడిన వస్తువు అమ్మడం కూడా మూడో ఏడాది పాఠంలో మోసమే. ఏళ్ళ తరబడి వాన మోసిన గొడుగును ఏమనాలో ఆ పాఠంలో లేదు.) లైబ్రరీ దాటింది. సైకిళ్ళ షెడ్డు దాటింది. మెయిన్ గేటు కనిపించింది.

సెక్యూరిటీ గది చూరు కింద ఒక మనిషి నిలబడి ఉన్నాడు. నెత్తిన ఫైలు. భుజాలు తడిసి ఉన్నాయి.

సందేహం పది అడుగుల దూరంలోనే ఆగింది. కమిటీ అధ్యక్షుడు! నేరస్థుణ్ణి పట్టుకోవడానికి తనే స్వయంగా కాపు కాశారన్నమాట.

"సార్, నేను తప్పే చేశాను సార్. సర్వర్ ఆపేశాం. కానీ కస్టమర్ వస్తాడు, ఇచ్చేసి వచ్చేస్తా. మీరు కాసేపు ఆ పక్కకి ఉంటే... మిమ్మల్ని చూస్తే భయపడతాడు సార్. అసలే సిగ్గరి."

హెడ్డు గారు ఆమె వంక చూడలేదు. గొడుగు పిడి వంక చూస్తున్నారు. ఎర్ర దారం మీద వాన చుక్క నిలబడింది. ఆయన చెయ్యి చాపారు. ఆమె చేతిలోంచి గొడుగు తీసుకున్నారు.

"ఆర్డరు నాదేనమ్మా."

"సార్?"

"గొడుగు కూడా నాదే. ఆ దారం మా ఆవిడ కట్టింది, స్టాఫ్ రూములో తారుమారు కాకుండా. దుకాణం మొదలెట్టిన రోజున తనిఖీ బృందం వచ్చి 'సరుకేది?' అన్నారు. సరుకు సంగతి మేమెవరం ఆలోచించలేదు. టేబుల్ మీద నా గొడుగుంది. ఎవరో ఫొటో తీసేశారు. అప్పటినుంచి అది విభాగం ఆస్తి. ఆస్తి అమ్మకం ద్వారా తప్ప బయటికి పోకూడదని రూలుంది. ఆ రూలు రాసింది నేనే."

"అడగొచ్చు కదా సార్, వెనక్కి ఇమ్మని?"

"అడిగానమ్మా. పద్ధతి ప్రకారం విభాగాధిపతికి దరఖాస్తు పెట్టుకున్నాను. విభాగాధిపతి తిరస్కరించాడు. నాకు చాలా బాధేసింది, కానీ నిర్ణయం న్యాయమైనదే. కొత్తది కొనుక్కుందామంటే ఇంట్లో పాతదేదని అడుగుతుంది. ఆఫీసులో మరిచిపోయానని చెప్పాను. అది ఈ రోజుకీ అబద్ధం కాదు."

సందేహం వానలోనే చెయ్యెత్తింది. "సార్, చిన్న సందేహం. మరి ఆ బుట్టలు? ప్రతి వానకీ నింపేసి వెళ్ళిపోయిందెవరు?"

"అన్నీ నేనే. వాన మొదలవగానే వెళ్ళేవాణ్ణి, బుట్టలో వేసుకునేవాణ్ణి. 'మీరు నిజంగానే కొనాలనుకుంటున్నారా' అని అడిగేది. అక్కడే సిగ్గేసేది, నా గొడుగు నేను కొనుక్కోవడం. ధైర్యం చేసి ముందుకెళితే ఆ వ్యాసం. వ్యాసం పూర్తయితే హామీ ఇచ్చేవాడు లేడు. ఆ పేజీలన్నీ పెట్టించింది కూడా నేనేనమ్మా, జనానికి నమ్మకం కలగాలని. నాకైతే ఒక్కనాడూ కలగలేదు."

"నాలుగో అధ్యాయం సార్..." ఆమె తల దించుకుంది. "అందులో కొనుగోలుదారుడి గురించి చాలా రాసేశాను."

"చదివాను. మా ఆవిడకి కూడా చదివి వినిపించాను. 'ఈ పిల్లెవరో గాని మిమ్మల్ని పుట్టినప్పటినుంచీ ఎరిగినట్టుంది' అంది. నీ నివారణ కూడా నిజమేనమ్మా. ఒకటే మీట ఉండేసరికి, ఆలోచించుకునే లోపలే నొక్కేశాను. కొనడం ఇంత తేలికని ఇన్నేళ్ళు పాఠం చెప్పి కూడా నాకు తెలియదు." ఆయన గొడుగు తెరిచారు. సగం ఆమె మీదికి పట్టారు. "రేపు వైవాకి ధైర్యంగా రా. సరుకు అందింది కాబట్టి వ్యవహారం తేలినట్టే, దుకాణం ఆగింది కాబట్టి నీ రిపోర్టుని కాదనే ఆ ఒకటి కూడా ఎవరికీ కనపడదు. మొదటి ప్రశ్న మాత్రం 'గొడుగు కొన్నదెవరు' అనే అడుగుతాను. అడగక తప్పదు, కమిటీ తీర్మానం ఉంది, కింద సంతకం నాదే. నువ్వు తెలియదని చెప్పు, చాలు. భయపడకు. తెలియదని తడుముకోకుండా చెప్పినవాళ్ళనే కదా ఈ విభాగం ఇన్నేళ్ళుగా పాస్ చేస్తోంది. నన్ను హెడ్డుని చేసింది కూడా అందుకే."